పలక మీద మూడు రౌండ్లు

మార్కాపురం,
3-8-2025, ఆదివారం.

చిన్నాయనకు ఫెబీ వందనాలు.

ఫోన్ చేస్తే నీకు వినపడదు, వాట్సాప్ పెడితే నువ్వు చూడవు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం నా వల్ల కాక కాగితం తీశాను. కోపం తెచ్చుకోకు, ఈ మాట నీ దగ్గర నేర్చుకున్నదే.

ఇక్కడ అమ్మ బాగుంది. మోకాళ్ళ నొప్పులంటూనే రోజంతా ఏదో ఒకటి తుడుస్తూ ఉంటుంది. పలకల ఫ్యాక్టరీ మానేసి తొమ్మిదేళ్ళయినా చేతికి ఆ పని గుర్తు పోలేదు. నా బడి ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. సాయంత్రాలు పదకొండు మంది ఆడపిల్లలకు బాక్సింగ్ నేర్పిస్తున్నాను. బడి వెనక రేకుల షెడ్డులో, ఎండకి ఉడుకుతూ.

అసలు సంగతి చెప్తాను. కాలేజీ రోడ్డులో కొత్త బాక్సింగ్ హాలు పూర్తయింది. సెప్టెంబరు 28న ప్రారంభం. పేరు దగ్గరే తగువు వచ్చింది. సగం మంది మీరావలి పేరు పెట్టాలంటారు, సగం మంది మా నాయన జక్కరయ్య పేరు పెట్టాలంటారు. మీరావలి నాలుగేళ్ళు చాంపియన్, ఆయన రింగు దిగిన ఏడాదే నాయన ఎక్కి తనూ నాలుగేళ్ళు నిలిచాడు. ఒకరితో ఒకరు మాత్రం ఎప్పుడూ తలపడలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. టీ అంగళ్ళ దగ్గర నలభై ఏళ్ళుగా నలుగుతున్న ఆ ముచ్చటే ఇప్పుడు హాలు కమిటీలోకి వచ్చింది. ప్రెసిడెంటు గోవర్ధన్ గారు ఒక మాట అన్నారు: "ఇద్దరూ ఎదురెదురుగా నిలబడింటే ఎవరు గెలిచుండేవాళ్ళో తేల్చండి. వాళ్ళ పేరే పెడదాం."

ఇద్దరి ఆటలకూ రెఫరీగా నిలబడి, ఇప్పటికీ బతికున్నది నువ్వొక్కడివే. నువ్వు రాసిచ్చే కాగితమే తీర్పు అని అందరూ ఒప్పుకున్నారు.

నీకు నేను చెప్పాలా? నాయన కుడిచేతి దెబ్బ డొక్కలో పడితే ఎవడు నిలబడ్డాడు? పైగా వయసులో చిన్నవాడు. చిన్నాయనా, నాయన పోయి పద్నాలుగేళ్ళయింది. సమాధి మీద రాయించిన పేరు కూడా వానలకు చెరిగిపోయింది. ఈ ఊళ్ళో ఆయన పేరు ఒక్కచోటన్నా నిలవాలని నాకు చాలా ఆశగా ఉంది. తొందరగా రాయి.

పిన్నికి నా వందనాలు.
నీ బిడ్డ,
ఫెబీ

*

గిద్దలూరు,
8-8-2025.

అమ్మాయి ఫెబీకి చిన్నాయన ఆనంద్ బాబు దీవెనలు.

నీ జాబు అందింది. ఇక్కడ ఎండలు శ్రావణంలో కూడా తగ్గలేదు. మీ పిన్ని చింతపండు గింజ తీసి ఎండబెట్టింది, కోతులు సగం తిన్నాయి, మిగతా సగానికి నన్ను తిట్టింది. వినపడదు కాబట్టి బతికిపోయినా.

నువ్వు అడిగినదానికి జవాబు. మీరావలి గెలుస్తాడు. అట్లనే కమిటీకి రాసి పంపుతా.

ఎందుకో చెప్తా విను. మీరావలి చేతులు పొడుగు. ఎడమచేత్తో ఎదుటివాణ్ణి దూరంగానే నిలబెడతాడు. మీ నాయన పొట్టి మనిషి, దెబ్బ వేయాలంటే లోపలికి దూరాల. దూరినప్పుడల్లా రెండు తిని ఒకటి కొట్టాల. మొదటి రౌండు మీ నాయనదే, కాదనను. రెండో రౌండు నుంచి కాళ్ళు బరువెక్కుతాయి. పలక పొడి మీద కాలు జారుతుంది. మూడో రౌండుకు చేతులు కిందికి దిగుతాయి. గెలుపు మీరావలిది.

నాకు ఒక్కటి అర్థం కాలేదు. ఇన్నేండ్లు లేని తొందర ఇప్పుడేంది? ఈ ఉత్తరం నువ్వే రాసినావా, ఎవరన్నా కూర్చోబెట్టి రాయించినారా?

వదినను మోకాళ్ళకు నువ్వుల నూనె పట్టించమను.
ఆనంద్ బాబు

*

మార్కాపురం,
13-8-2025.

చిన్నాయనకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఒకటే కనపడింది. సొంత అన్నను ఊహలో కూడా గెలవనివ్వలేదు నువ్వు.

చేతులు పొడుగైతే గెలుస్తారా? నాయన చాంపియన్‌గా ఉన్న నాలుగేళ్ళలో ఓడించినవాళ్ళంతా తనకంటే పొడుగు మనుషులే. తల వంచి చేతుల కింద నుంచి దూరడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. మా షెడ్డులో పొట్టి పిల్ల ఒకతె ఉంది, దానికి అదే నేర్పించాను, వాళ్ళ బడిలో ఒక్క పొడుగు పిల్లా దాని ముందు నిలవడం లేదు.

నాకు ఇంకో సంగతి తెలిసింది. గిద్దలూరు బస్సు కండక్టరు శ్రీహరి చెప్పాడు. జులై ఆఖరులో మీరావలి మనవడు నయీమ్ కారు మీ ఇంటి ముందు గంటసేపు ఆగి ఉందట. చేతిలో డబ్బాతో లోపలికి పోయి, ఉత్త చేతులతో వచ్చాడట. చెవి మిషను డబ్బా అని శ్రీహరి బొమ్మ చూసి మరీ గుర్తుపట్టాడు. నిప్పు లేనిదే పొగ రాదు. నేను అడగక ముందే నిన్ను అడిగినవాళ్ళు ఉన్నారన్నమాట.

అడుగుతున్నా కాబట్టి ఇదీ అడిగేస్తాను. 85 దాకా ప్రతి పోటీకీ నువ్వే రెఫరీ. ఆ తర్వాత ఒక్కసారి కూడా రింగు దరిదాపులకు రాలేదు. ఎందుకని నాయనను ఎన్నిసార్లు అడిగినా నవ్వేసేవాడు. ఆయన గెలుస్తుంటే చూడలేక మానేశావా?

ఫెబీ

*

గిద్దలూరు,
18-8-2025.

ఫెబీకి,

దీవెనలు రాయడానికి ఈ రోజు చెయ్యి రావడం లేదు. అయినా రాస్తున్నా, పెద్దవాణ్ణి కాబట్టి. దీవెనలు.

నయీమ్ వచ్చినమాట నిజం. వాళ్ళ తాత పేరు మీద నాలుగు మాటలు రాయమని అడిగినాడు. అప్పుడే ఏమీ చెప్పలేనని పంపించినా. డబ్బా బల్ల మీద పెట్టి పోయినాడు. విప్పలేదు. మూడోరోజు బస్సులో తిప్పి పంపినా. మీ శ్రీహరి బస్సులోనే పోయింది ఆ డబ్బా. వచ్చిన డబ్బా బొమ్మ చూసినోడికి పోయిన డబ్బా కనపడలేదా?

నాకూ ఇక్కడ చెవులు లేకపోయినా కండ్లు ఉన్నాయి. ఆ హాలుకు కోచ్‌ను పెడతారని పేపర్లో చదివినా. పేరు నాయనది, కుర్చీ బిడ్డది. బాగుంది లెక్క. నాయన మీద ప్రేమ ఇప్పుడు పొంగింది ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

85 గురించి ఇంకోసారి అడగొద్దు. ఈ తేదీన అసలే అడగొద్దు.

ఆనంద్ బాబు

*

మార్కాపురం,
23-8-2025.

చిన్నాయనా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. కోచ్ కావాలని నాకు ఉంది, దాచను. పిల్లలకు గాలి తగిలే చోటు కావాలి. కానీ నాయన పేరును దానికి మెట్టు చేసుకుంటానని నువ్వెలా అనుకున్నావు? అంటే చిన్నప్పుడు నువ్వు ఎత్తుకుని తిప్పింది ఇట్లాంటి మనిషినా?

ఏడ్చాక కళ్ళు తుడుచుకుని నీ పాత ఉత్తరం మళ్ళీ తీశాను. ఒక మాట దగ్గర ఆగిపోయాను. "పలక పొడి మీద కాలు జారుతుంది" అని రాశావు.

బాక్సింగ్ రింగులో ఉండేది చెక్కల మీద పరిచిన గుడ్డ. అక్కడికి పలక పొడి ఎక్కడి నుంచి వస్తుంది? మొదటి రౌండు నాయనదేనని ఎలా రాశావు? మూడో రౌండులో చేతులు దిగుతాయని ఎవరు చెప్పారు నీకు?

వాళ్ళిద్దరూ కొట్టుకున్నారు కదా? నువ్వు అక్కడ ఉన్నావు కదా?

నిజం చెప్పేదాకా ఇంకో ఉత్తరం రాయను.
ఫెబీ

*

గిద్దలూరు,
28-8-2025.

బిడ్డా ఫెబీ,

రెండు రాత్రులు ఆలోచించినా. నీకు మీ నాయన బుర్ర వచ్చింది, నాకు నోటి దురద వచ్చింది.

ఉన్నా. నేనొక్కణ్ణే ఉన్నా. 1985, ఆగస్టు 18, ఆదివారం. పంద్రాగస్టు జెండా దించిన మూడోరోజు. నేను మొన్న నీకు కోపంగా రాసిన రోజుకు సరిగ్గా నలభై ఏండ్లు.

మీరావలి అప్పటికే రింగు దిగినాడు. పదేండ్లు పలకలు కోసే మిషను దగ్గర నిలబడ్డ మనిషి, ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరింది. ఒకరోజు మన ఇంటికొచ్చి మీ నాయనతో అన్నాడు: "అరే జక్కయ్యా, ఊరంతా మనిద్దరినీ నోటితోనే కొట్టిస్తా ఉంది. నాకు ఊపిరి ఉండగానే ఒక్కసారి చూసుకుందాం రా." మీ నాయనకు అప్పటికే రైల్వేలో ఉద్యోగం, వాళ్ళు బయట ఆడకూడదని రూలు పెట్టినారు, పెద్ద పోటీలకు సెలక్షను కూడా ముందుంది. అందుకని దొంగతనంగా పెట్టుకున్నారు. చర్చి అయినాక నేరుగా తర్లుపాడు రోడ్డులో పలకల గోడౌనుకు పోయినాం. లోపల పలకలు పక్కకు నెట్టి చోటు చేసినాం. కింద అంతా పొడి. నేనే రెఫరీ, నేనే జడ్జి.

మన ఊరి పద్ధతి నీకు తెలుసు కదా. కాగితాలు లేవు, రౌండు రౌండుకూ ఎవరిదో పలక మీద బలపంతో రాసి, ఎత్తి చూపించడమే. అట్లనే రాసినా. మూడు రౌండ్లు అయినాక మీ నాయన నన్ను పక్కకు పిలిచి ఒట్టు పెట్టించుకున్నాడు. ఈ ఆట జరిగిందని నోటితో చెప్పకూడదు, ఫలితం చేత్తో రాయకూడదు. ఎవరన్నా ఊరికే ఊహకు అడిగితే మాత్రం మీరావలి గెలుస్తాడని చెప్పమన్నాడు. పలక తుడిచెయ్యమన్నాడు.

ఒట్టు పెట్టుకోవద్దని పాస్టరు ఎన్నిసార్లు చెప్పినా నాకు బుద్ధి రాలేదు. సగం ఒట్టు ఈ జాబుతో పోయింది. పలకను మాత్రం అప్పుడు తుడవలేదు. పాత పంచెలో చుట్టి పెట్టెలో పెట్టినా. ఆ రాత ఒట్టుకు ముందు రాసింది కాబట్టి దాన్ని నువ్వు చదివితే నా తప్పు లేదు. శ్రీహరి చేతికిచ్చి పంపుతున్నా. నువ్వే చదువుకో.

చిన్నాయన

*

మార్కాపురం,
3-9-2025.

చిన్నాయనా,

నాతో ఎందుకు ఆడుకుంటున్నావు?

నేను బడి నుంచి వచ్చేసరికి పలక గూట్లో ఆనించి ఉంది. గబగబా చేతిలోకి తీసుకున్నాను. తిప్పి చూస్తే రెండు పక్కలా నల్లగా నిగనిగలాడుతోంది. ఒక్క గీత లేదు. ఎండలో పెట్టి చూశాను, పక్కకు వంచి చూశాను. ఏమీ లేదు.

నలభై ఏళ్ళు దాచానని చెప్పి అంగట్లో కొన్న కొత్త పలక పంపించావా? ఆ గోడౌను కథ కూడా ఈ పలక లాంటిదేనా? నయీమ్ డబ్బా తిప్పి పంపావన్న మాట నేను నమ్మాను. ఇప్పుడు అదీ నమ్మబుద్ధి కావడం లేదు.

ఫెబీ

*

గిద్దలూరు,
7-9-2025.

ఫెబీ,

నువ్వే తుడిచినావు.

చదివినావు, నచ్చలేదు, తుడిచినావు. ఇప్పుడు నన్ను అబద్ధాలకోరును చేస్తున్నావు. కమిటీ ముందు పలక లేకపోతే నా మాటకు సాక్ష్యం ఉండదని కదా? తుడవమని మీ నాయన చెప్పినప్పుడు నేను తుడవలేదు. నలభై ఏండ్ల తర్వాత ఆయన బిడ్డ ఆ పని చేసింది. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?

దాని కొయ్య చట్రం మూలన నా పేరు మొదటి అక్షరం చాకుతో చెక్కి ఉంటుంది, చూసుకో. కొత్త పలక అంటావా!

ఇంక నాకు రాయొద్దు.

*

మార్కాపురం,
11-9-2025.

చిన్నాయనకు తల వంచి వందనాలు. రాయొద్దన్నా రాస్తున్నాను.

చట్రం మూలన 'ఆ' ఉంది. చూశాను. ఆ పలక పట్టుకుని వంటింట్లోకి పోయి అమ్మను అడిగాను, "దీన్నేం చేశావే" అని.

"ఏం చేస్తా? శ్రీహరి ఇచ్చినాడు. దాని మీద ఏందో రాత ఉండె. తడిగుడ్డ పెట్టి తుడిచి, ఎండలో ఆనించి, ఆరినాక గూట్లో పెట్టినా" అంది. మామూలుగా, గిన్నె కడిగానన్నట్టు.

"చూడకుండా ఎందుకు తుడిచావు?" అని అరిచాను.

"ముప్పై ఒక్క ఏండ్లు చేసిన పని అదే కదే. చట్రాల కాడ పిల్లోళ్ళు గీతలు గీకుతుంటిరి. రాత ఉన్న పలక ప్యాకింగుకు పోతే మేస్త్రీ ఆ రోజు కూలి పట్టుకుంటుండె. రాత కనపడితే నా చెయ్యి ఆగదు" అంది. తర్వాత సంగతి చెప్పాను. పాపం, అప్పటి నుంచి అన్నం సరిగా తినడం లేదు. తన కుడిచేతిని తనే తిట్టుకుంటోంది.

ఇందులో నీ తప్పు లేదు, నా తప్పు ఉంది. నిన్ను డబ్బాకు అమ్ముడుపోయావన్నాను, కొత్త పలక కొన్నావన్నాను. నువ్వు నన్ను కుర్చీ కోసమన్నావు, పలక తుడిచానన్నావు. ఇద్దరం సమానమే అనుకుందాం, డ్రా.

ఇప్పుడు పలక లేదు. ఉన్నది నీ మాటొక్కటే. దాని మీద ఏం రాశావో చెప్పు. ఎవరి పేరు చెప్పినా నమ్ముతాను. ఇది నాయన మీద ఒట్టు వేసి చెప్పడం లేదు, ఒట్లతో మన ఇంట్లో ఇప్పటికే చాలా అయింది.

నీ ఫెబీ

*

గిద్దలూరు,
16-9-2025.

బిడ్డ ఫెబీకి,

వదినను తిట్టొద్దు. ఆమె చేతిని కూడా తిట్టుకోవద్దని చెప్పు. ఆ చెయ్యి అట్ల ఆగకుండా తుడవబట్టే నువ్వు చదువుకున్నావు. పలక పోయింది, దాంతో మిగిలిన సగం ఒట్టు కూడా పోయిందనే అనుకుంటా. కాకపోతే దేవుడు చూసుకుంటాడు.

మొదటి రౌండు జక్కరయ్య. రెండో రౌండు మీరావలి. మూడో రౌండు మీరావలి. పలక మీద ఉన్నది అది.

ఇంక మిగిలింది ఎవరికీ చెప్పనిది. మూడో రౌండు మొదట్లో మీరావలికి దగ్గు వచ్చింది. ఎగపోస్తా ఉన్నాడు. అప్పుడే మీ నాయన చేతులు కిందికి దించినాడు. ఒక్క దెబ్బ వేయలేదు. నవ్వుతా నిలబడినాడు. మీరావలి కొడతా ఉంటే తింటా ఉన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. జాలిపడి వదిలేస్తున్నాడని అనుకున్నా. నీతో నిజంగా కొట్లాడాలని ఊపిరి లేని మనిషి ఇంటికొచ్చి అడిగితే, అతనికి భిక్షం వేసినట్టు గెలుపు వేస్తావా? స్టేషను దాకా సైకిలు తొక్కుతా అదే అడిగినా. "చెప్పు అన్నా, వదిలేసినావా, ఓడిపోయినావా" అని. వెనక కూర్చుని పలకలేదు. 2011లో ఆయన మంచం మీద ఉన్నప్పుడు మళ్ళీ అడిగినా. మళ్ళీ నవ్వినాడు.

నేను రెఫరీని. చూసింది రాయాల. మీరావలి అని రాసినా. కానీ అది నిజమైన ఆట కాకపోతే నా పలక మీద నా చేత్తోనే అబద్ధం రాసినట్టు కదా? ఆ అనుమానంతోనే మళ్ళీ పలక పట్టలేదు. నీకు జవాబు రాసినప్పుడూ అదే అనుమానం. మీ నాయన గెలిచేవాడా? నాకు తెలియదు బిడ్డా. ఇద్దరూ కొట్టుకుంటుంటే మూడడుగుల దూరం నుంచి చూసి కూడా నాకు తెలియదు. అన్నను నలభై ఏండ్లు అనుమానించినా. ఆ బరువు ఇప్పుడు నీ మీద వేస్తున్నా, క్షమించు.

కమిటీకి జాబు పంపినా. మీ నాయన చెప్పమన్నదే రాసినా.
చిన్నాయన

*

మార్కాపురం,
28-9-2025, ఆదివారం.

చిన్నాయనకు ఫెబీ వందనాలు.

పొద్దుటి నుంచి హాల్లోనే ఉండి మధ్యాహ్నం ఇంటికొచ్చాను. ముందు నీకు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది.

నీ ఉత్తరాలు మొదటి నుంచి అమ్మకు చదివి వినిపించాను. "జెండా దించిన మూడోరోజు, ఆదివారం" అనేసరికి చీపురు కింద పెట్టేసింది. అప్పటికి అమ్మకు పెళ్ళై మూడు నెలలట. నాయన చర్చి నుంచి స్టేషనుకు పోయి, మధ్యాహ్నం దాటాక వచ్చాడట. అక్కడ సామాన్ల పెట్టె తోస్తుంటే డొక్కలో తగిలిందని చెప్పాడట.

"చొక్కా విప్పుకోలేకపాయె. నేనే విప్పినా. కుడిపక్క డొక్క వంకాయ మాదిరి నల్లగా కమిలిపోయింది. చెయ్యి పైకి లేవదు. నాలుగురోజులు ముద్దలు కలిపి నేనే నోట్లో పెట్టినా. మా అత్త నవ్వె, కొత్త పెళ్ళికొడుకు సిగ్గు లేకుండా తినిపించుకుంటున్నాడని. మూడు వారాలు కాపడం పెట్టినా" అంది.

నువ్వు ఏ పక్క నిలబడ్డావని అడగను. నాయనకు ఎడమ పక్కనే నిలబడి ఉంటావు, అందుకే నీకు కనపడలేదు. రెండో రౌండులోనే మీరావలి దెబ్బ కుడి డొక్కలో దిగింది. మూడో రౌండులో నాయన చేతులు దించలేదు చిన్నాయనా, అవి లేవలేదు. నేను పిల్లలకు రోజూ చెప్తాను, డొక్కలో దెబ్బ తగిలితే నవ్వండి, ఎదుటివాళ్ళకు తెలియనివ్వకండి అని. అది నాకు నాయనే నేర్పించాడు. ఆయన జాలిపడలేదు. భిక్షం వేయలేదు. ఊపిరి సరిగా లేని మనిషి చేతిలో మా నాయన నిజంగా ఓడిపోయాడు. ఆ మాట చెప్పుకోవడానికి నామోషీ పడ్డాడు. అబద్ధం చెప్పడానికీ మనసొప్పలేదు. అందుకే నిజాన్ని ఊహలాగా చెప్పమని నీకు అప్పజెప్పాడు.

నువ్వు పలక మీద రాసింది అబద్ధం కాదు.

ఈ పొద్దున నీ జాబు గోవర్ధన్ గారు పైకి చదివారు. అందరూ నా వైపు తిరిగారు, గొడవ పెడతానని. నేను లేచి, "మా చిన్నాయన చెప్పిందే నా మాట. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడింటే మీరావలే గెలుస్తాడు" అన్నాను. చప్పట్లు కొట్టారు, పెద్దమనసు అన్నారు. నయీమ్ వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు, కళ్ళనిండా నీళ్ళు. నేనేదో దానం చేశాననుకున్నారు పాపం. నేను స్కోరు చెప్పానంతే.

నాకు బాధ లేదంటే అబద్ధం. గోడ మీద ఆ పేరు రాస్తుంటే ఆఖరి అక్షరం దాకా నిలబడి చూశాను. కోచ్ సంగతి ఇంకా తేలలేదు. పిల్లలకు మాత్రం రేపటి నుంచి హాల్లోనే చోటిచ్చారు.

సాయంత్రం నీ పలక ముందేసుకుని, బలపం తీసి, నువ్వు చెప్పినట్టే మూడు వరసలు మళ్ళీ రాశాను. జక్కరయ్య, మీరావలి, మీరావలి. అమ్మ వాకిట్లో నిలబడి చూసింది. చెయ్యి కొంగులో చుట్టుకుని నిలబడింది.

వచ్చే నెల 12న మా పిల్లలకు మొదటి పోటీ పెట్టుకున్నాం. జడ్జి లేడు. శ్రీహరికి చెప్పాను, ముందు సీటు ఆపి పెడతాడు. గంట కొట్టేది నీకు వినపడదు కాబట్టి నీ భుజం మీద నేను తడతాను. రౌండు రౌండుకూ నువ్వు చూసింది రాసి, పలక పైకెత్తు.

తుడిచే పని అమ్మ చూసుకుంటుంది.

నీ బిడ్డ,
ఫెబీ